చెల్లెను కాదన్న రోజు

మా చెల్లె నాకంటె నాలుగేండ్లు చిన్నది. దేవరుప్పులకు కోసెడు దూరంల ఉన్న ఊరు మాది. పుట్టినప్పుడు అందరు పిల్లల లెక్కనే ఏడ్చిందని మమ్ముల కన్న అవ్వ చెప్పేది. రెండేండ్లు నిండినా మాట రాలేదు. మూడేండ్లు నిండినా రాలేదు. పేరు పెట్టి పిలిస్తె తల తిప్పేది కాదు గని, మూడిండ్ల అవతల ఎవరన్న చాటతోని జొన్నలు చెరిగితె ఆ చప్పుడు విని లేచి ఉరికేది. మునివేళ్ల మీద నడిచేది. సంబురమైనా భయమైనా రెండు చేతులు చెవుల పక్కకు లేపి గబగబ ఆడిచ్చేది. చింతగింజలు గోడ పొంటి వరుసగ పేర్చుకుంట పొద్దంత కూసునేది. అండ్ల ఒక్క గింజ జరిగినా గొంతు పోయేదాక అరిచేది. ఎవరి మొఖంల మొఖం పెట్టి చూసేది కాదు. ఉప్పు లేని చల్లటి జొన్నగట్క తప్ప ఏం పెట్టినా ఉమ్మేసేది.

ఇయ్యాల దానికి ఆటిజం అని పేరున్నది. ఆ రోజులల్ల మా ఊళ్లె దానికి ఉన్న పేరు పిచ్చి. గాలి సోకిందన్నరు, గ్రహచారమన్నరు, అవ్వ కడుపుతోని ఉన్నప్పుడు చూడరానిది ఏదో చూసిందన్నరు. దర్గకు తీస్కపోయి తాయెత్తు కట్టిచ్చిండ్రు. తాయెత్తు మెడకు ఒరుసుకుంటుందని చెల్లె దాన్ని తెంపి పారేసింది. ఊళ్లె పిల్లలు నన్ను పేరు పెట్టి పిలవడం మానేసిండ్రు. నేను "పిచ్చిదాని అక్క"ను. బాయి కాడికి పోయినా చేనుకు పోయినా చెల్లెను వెంట తీస్కపొమ్మని అవ్వ అనేది. నేను దానికంటె నాలుగడుగులు ముందట నడిచేదాన్ని. చూసినోళ్లు ఇద్దరం వేరువేరుగ పోతున్నమని అనుకోవాలె, అంతే నా కోరిక.

గప్పుడే మా దిక్కు సంఘం పుట్టింది. వెట్టి చెయ్యం, పంట ఇయ్యం అని ఊళ్లు ఎదురు తిరిగినయి. మా బాపుకు రెండెకరాల చెలక ఉండె. దొర గడీకి వెట్టికి పోవుడు బంద్ చేసి సంఘంల కలిసిండు. కొన్నాళ్లకు దొర మనుషులు వచ్చి మా గడ్డివాము తగలబెట్టిండ్రు. బాపు అడవికి పోయిండు. ఆ తర్వాత ఊరి మీదికి పోలీసులు వస్తున్నరని తెలిసినప్పుడల్ల ఆడోళ్లు, పిల్లలు జొన్నచేన్లల్ల పడి దాక్కునేటోళ్లు.

ఒకనాడు పొద్దు ఎక్కినంక అట్లనే దాక్కున్నం. బాట మీద గుర్రాల చప్పుడు వినవడ్డది. చెల్లె చెవులు మూసుకొని అరవబట్టింది. చుట్టున్న ఆడోళ్ల మొఖాలు ఎట్ల మారినయో నేను చూసిన. అవ్వ తన కొంగు ఉండ చుట్టి చెల్లె నోట్లె కుక్కింది. గుర్రాలు పోయేదాక దాన్ని నేలకు అదిమి పట్టి, తానే ఏడ్చింది. చేన్ల నుంచి బయటికొచ్చినంక ఒక పెద్దామె అవ్వతోని మెల్లగ చెప్పింది, ఇంకోసారి ఈ పిల్లను తీస్కొని తమ వెంట రావద్దని, ఒక్కదాని కోసం అందరి పానాలు పోతయని. అవ్వ చెల్లె మొఖానికంటిన మట్టిని కొంగుతోని తుడిచింది. నేనైతె ఆమె చెప్పింది నిజమే అనుకున్న.

ఇగ ఊళ్లె ఉండే దారి లేకుండె. బాపు కబురు పంపిండు. గంగారం అడవిల ఒక లంబాడి తండ ఉన్నది, అక్కడ తనకు తెలిసినోళ్లు ఉన్నరు, పిల్లలను తీస్కొని అక్కడికి పొమ్మని. జనగామల రైలెక్కినం. నేను రైలు ఎక్కుడు అదే మొదలు. ఇంజను కూత వినంగనే చెల్లె పెట్టె నడుమ కింద పడి పొర్లింది. జనం కాళ్లు తీసుకొని పక్కకు జరిగిండ్రు. అవ్వ దాని మీద వంగి కూసున్నది. నేను పోయి అవతలి బల్ల మీద, ఒక పెద్ద కుటుంబం పక్కన కూసున్న. వాళ్లలో ఒకామె నాకు పేలాలు పెట్టింది. మహబూబాబాద్ల దిగేదాక నేను వాళ్ల పిల్ల లెక్కనే కూసున్న. అవ్వ ఒకసారి నా దిక్కు చూసి మళ్ల తల దించుకున్నది.

అక్కడి నుంచి బండి మీద సగం దూరం, నడిచి సగం దూరం పోయి తండకు చేరినం. మమ్ముల తన గుడిసెల పెట్టుకున్నామె ఒంటరి ముసలిది. తండంత ఆమెను యాడి అని పిలిచేది. వాళ్ల భాషల యాడి అంటె అమ్మ. మోచేతుల పైదాక తెల్లటి గాజులు, అద్దాలు కుట్టిన బరువు లంగ. తెలుగు కొద్దిగనే వచ్చు. వచ్చిన ఆ కొద్దిని గూడ ఆచితూచి మాట్లాడేది.

మొదటి నాలుగు రోజులు చెల్లె అరిచిన అరుపులకు తండ కుక్కలు గూడ మా గుడిసె దిక్కు రాలేదు. ఎవరన్న ముట్టుకుంటె కొరికేది. యాడి దాన్ని ముట్టుకోలేదు, బుజ్జగియ్యలేదు, భయపెట్టలేదు. పది బారల దూరంల కూసుండి, చెల్లె ఏం చేస్తె అది చేసేది. చెల్లె ముందుకు వెనుకకు ఊగితె తానూ ఊగేది. చెల్లె చేతులు ఆడిస్తె తానూ చెవుల పక్కన చేతులు ఆడిచ్చేది. ఆమె గాజులు గలగలమనేటివి. తండ ఆడోళ్లు చూసి నవ్వుకునేటోళ్లు. మా ఇంటి సిగ్గును ఈ ముసలామె నలుగురి ముందట పెట్టి ఎక్కిరిస్తుందని నాకు మండింది. అవ్వతోని చెప్పిన. అవ్వ ఊకొమ్మన్నది.

ఎన్ని దినాలకో గని, ఒక పొద్దున చెల్లె ఊగుడు ఆపి యాడి చేతుల దిక్కు చూసింది. మొఖం దిక్కు కాదు, చేతుల దిక్కే. తర్వాత తన చేతులు ఆడిచ్చి ఆపింది. యాడి ఆడిచ్చి ఆపింది. చెల్లె మళ్ల ఆడిచ్చింది. ఆమె మళ్ల. ఇద్దరి నడుమ అట్ల చానసేపు నడిచింది. పుట్టినకాడి నుంచి మా చెల్లె ఒక మనిషితోని కలిసి ఒక పని చేసుడు అదే మొదలు.

ఆ తర్వాత యాడి దాన్ని కళ్లం కాడికి తీస్కపోబట్టింది. పొద్దున పనులకు పోయే ముందు తండ ఆడోళ్లు నలుగురైదుగురు అక్కడ కూడేటోళ్లు. గుండ్రంగ నిలబడి, నడుము వంచి, రెండడుగులు ముందుకు, ఒక చప్పట, ఒకడుగు వెనుకకు. నోటితోని సన్నగ రాగం. మొదట చెల్లె వాళ్లకు దూరంగ తానొక్కతే గిరగిర తిరిగేది. రోజులు గడిచినకొద్ది దగ్గరకు వచ్చింది. యాడి వెనక నడిచింది. యాడి లంగ అంచు వేలితోని పట్టుకున్నది. ఒకనాడు చెయ్యి పట్టుకున్నది. అడుగు తప్పితె ఎవ్వరూ దిద్దలేదు. చెల్లె ఆగితె గుండ్రం మొత్తం ఆగేది. అది కదిలితె కదిలేది. మునివేళ్ల మీద నడిచే పిల్ల మడిమ నేలకు ఆనిచ్చి దబ్బున అడుగు వేసుడు నేర్చింది.

ఆడినంక దానికి ఆకలయ్యేది. యాడి చేతి నుంచి జొన్నరొట్టె తిన్నది. పండుకుంటె తెల్లారేదాక కదలకపోయేది. అరుపులు సగానికి సగం తగ్గినయి. ఒక పొద్దున గుండ్రంల తిరుగుకుంట అవ్వ నిలబడ్డ కాడికి వచ్చి, అవ్వ మొఖంలకు చూసింది. ఎంతసేపు చూసిందో నేను చెప్పలేను. అవ్వ నడుముకు కొంగు దోపుకొని గుండ్రంల చేరింది. ఆమెకు అడుగు పడలేదు, పక్కోళ్ల కాళ్లు తొక్కింది, అయినా ఆపలేదు.

నేను మాత్రం చేరలేదు. యాడి రోజు నా దిక్కు చెయ్యి చాపేది. నేను కాళ్లు నొస్తున్నయని చెప్పేదాన్ని. అసలు సంగతి వేరే. మాకు తలదాచుకునే చోటిచ్చి, తమ గింజలు మాకు పెడుతున్నోళ్లను నేను నాకంటె తక్కువోళ్లని అనుకుంటుండె. అవ్వ వాళ్ల నడుమ ఆడుతుంటె మా ఊరోళ్లు ఎవరన్న చూస్తరేమో అని భయపడేదాన్ని. ఆ అడవిల మా ఊరోళ్లు ఎవరున్నరు? అయినా భయపడేదాన్ని. ఇంకొకటి గూడ ఉండె. చెల్లె నా చేతిని ఎన్నడూ పట్టుకోలేదు. యాడి చెయ్యి మాత్రం పట్టుకున్నది.

తండల ఏడాదికి పైన ఉన్నం. నిజాం రాజ్యం పోయింది, యూనియన్ పటాలం వచ్చింది అని కబురొచ్చింది. అయినా పోరాటం ఆగలేదు, బాపు అడవి నుంచి రాలేదు. ఒకనాడు సిపాయిలు తండకు వచ్చిండ్రు. అడవిల ఉన్నోళ్లకు తిండి పోతుందని, తండను ఖాళీ చేయమన్నరు. అందిన మూటలు పట్టుకొని అందరం నడిచినం. బాట పక్కన ముండ్లకంప నాటిన బయలుల, తాటాకు పందిళ్ల కింద మమ్ముల ఉంచిండ్రు. మా తండనే కాదు, చుట్టుపక్కల తండలు, గూడాలు అన్ని అండ్లనే. అక్కడికి పోయిన వారానికి అవ్వకు చలిజ్వరం పట్టింది. మూడో రోజుకు మనిషి సోయిల లేకుండె.

ఒక పొద్దున గుమస్తా ఒకాయన బల్ల ఏసుకొని కూసున్నడు. అడవోళ్లు కాకుండ మైదానం ఊర్ల నుంచి వచ్చినోళ్లు ఉంటె పేర్లు రాయించుకోవాలె, జబ్బున్నోళ్లను లారీల దవాఖానకు పంపుతరు అని చెప్పిండ్రు. అవ్వ లేవలేదు. యాడి నా చేతిల చెల్లె చెయ్యి పెట్టి, ముగ్గురి పేర్లు రాయించుమని నన్ను పంపింది.

వరుసల నిలబడ్డం. చెల్లె ఒంటి మీద యాడి కుట్టిన చిన్న అద్దాల లంగ. జనం ఎక్కువైతున్న కొద్ది చెల్లె బెదిరింది. నా చేతిల నుంచి చెయ్యి గుంజుకున్నది. అరుస్తదేమో అనుకున్న. అరవలేదు. వరుస పక్కకు పోయి ఒక్కతే ఆడబట్టింది. రెండడుగులు, చప్పట్లు, ఒకడుగు వెనుకకు. బెదురును ఆపుకునేందుకు దానికి దొరికిన ఉపాయం అదని నాకు చానా ఏండ్లకు సమజైంది. సిపాయిలు నవ్విండ్రు. ఒకడు చేతులు చెవుల కాడ ఆడిచ్చి దాన్ని ఎక్కిరిచ్చిండు. వరుసంత తల తిప్పి చూసింది. నా ముందట నా ఈడుదే ఒక పిల్ల ఉండె, రెండు జడలు, జడలకు రిబ్బన్లు. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది.

నా వంతు వచ్చింది. అవ్వ పేరు చెప్పిన, నా పేరు చెప్పిన. గుమస్తా తల ఎత్తి చెల్లెను చూపిచ్చి అడిగిండు.

"ఆ పిల్ల నీకేమైతది?"

"ఏం గాదు. తండా పిల్ల."

ఆయన రెండు పేర్లు రాసి, తర్వాతోళ్లను రమ్మన్నడు.

నన్ను ఎవ్వరూ బెదిరియ్యలేదు. సంఘపోళ్ల పిల్లవా అని గూడ అడగలేదు. భయానికి అన్న మాట అయితె నేను ఇన్నేండ్లు ఇట్ల మోసేదాన్ని కాదు. రిబ్బన్ల పిల్ల నవ్విందని అన్న.

పగటిపూట లారీ వచ్చింది. అవ్వను ఎత్తి పండబెట్టిండ్రు. నేను ఎక్కిన. యాడి చెల్లెను తీస్కొని వచ్చి ఎక్కియ్యబోతె, కాగితంల ఇద్దరే ఉన్నరని సిపాయి ఆపిండు. యాడి ఆయనకు తన భాషల ఏదో చెప్పుకుంట నా దిక్కు చూసింది. నేను ఒక్క మాట చెప్తె అయిపోయేది. అది నా చెల్లె అని చెప్తె, గుమస్తా వచ్చి ఇందాక అట్ల ఎందుకన్నవని అందరి ముందట అడుగుతడేమో అనుకున్న. నోరు తెరవలేదు. లారీ కదిలింది. చెల్లె ఏడవలేదు. చక్రాలు తిరుగుడు చూసుకుంట నిలబడ్డది.

మహబూబాబాద్ దవాఖానల మూడు రోజులకు అవ్వ కండ్లు తెరిచింది. తెరవంగనే చిన్నది ఏదని అడిగింది. సిపాయిలు ఎక్కనియ్యలే అన్న. అది అబద్ధం కాదు. అందుకే అవ్వ నమ్మింది. బతికినన్నాళ్లు ఆ సిపాయిలను తిట్టుకుంటనే ఉండె, నేను పక్కన కూసుండి వినుకుంట ఉన్న.

అవ్వ లేచి నడవనేర్చినంక పోయినం. ముండ్లకంప లోపట పందిళ్లు ఉన్నయి గని మనుషులు లేరు. అక్కడోళ్లను తలా ఒక దిక్కు పంపిండ్రని చెప్పిండ్రు. ఏ దిక్కో ఎవ్వరికి తెల్వదు. మా ఊరికి పోయి, కూలిన ఇంట్ల గట్టిగ ఉన్న ఒక్క అర్రను బాగు చేసుకొని, అక్కడి నుంచి వెతికినం. సంతకు వచ్చిన ప్రతి లంబాడామెను అవ్వ ఆపి అడిగేది. ఏడు నెలలు గడిచినయి. ఆ ఏడు నెలలల్ల అవ్వ గట్క వండుడు మానేసింది. చివరికి ఉప్పు అమ్మొచ్చిన ఒకామె చెప్పింది, ఆ తండోళ్లు కొందరు కాటారం దిక్కు అడవి అంచుల ఉన్నరని.

ఇద్దరం పోయినం. కాటారం దాటినంక వరిమడుల గట్ల మీద నడిచి నడిచి ఆ గుడిసెల కాడికి పోయేసరికి యాడి కనబడ్డది. పక్కనే చెల్లె, గంపల కంది గింజలు ఏరుకుంట. ఎత్తు పెరిగింది. బుగ్గలు నిండినయి. అవ్వ ఉరికిపోయి దాని ముందట కూలబడ్డది. చెల్లె ముందు అవ్వ గాజులు చూసింది, తర్వాత మొఖం చూసింది, తర్వాత అవ్వ భుజం మీద నుదురు ఆనిచ్చింది. అవ్వ యాడి కాళ్ల మీద పడ్డది.

అవ్వ చెల్లెకు స్నానం పోస్తున్నప్పుడు యాడి నన్ను పక్కకు పిలిచింది. వచ్చిన కొద్ది తెలుగుల మెల్లగ చెప్పింది.

"ఆ దినం మీ వెనకనే వచ్చి వరుస పక్కన నిలబడ్డ. నువ్వు చెప్పినవ్, తండా పిల్ల అని. అందుకే తండా పిల్ల లెక్క చూసుకున్న."

ఆమె గొంతుల కోపం లేదు. నాకు తల ఎత్త శాతగాలేదు. ఆమె నా చెయ్యి పట్టుకొని ఇంకొక మాట చెప్పింది, దీనితోని రోజు ఆడు, ఆడకుంటె మళ్ల లోపటికి పోతది అని. అవ్వకు మాత్రం ఏం చెప్పలేదు. మేం బయలెల్లేటప్పుడు మడిగట్టు చివరిదాక వచ్చి నిలబడ్డది. మళ్ల ఆమెను నేను చూడలేదు.

ఊళ్లె కొత్త బడి తెరిచిండ్రు. నన్ను చేర్పిచ్చిండ్రు. అవ్వ పొద్దున వాకిట్ల చెల్లె చెయ్యి పట్టుకొని ఆడేది. పక్కిండ్లోళ్లు గోడల మీది నుంచి చూసి నవ్వేటోళ్లు. బడిల పిల్లలు నా ముందట చప్పట్లు కొట్టి ఆ అడుగులు వేసేటోళ్లు. ఒకనాడు నేను పుస్తకాలు విసిరికొట్టి, ఈ ఆట ఆపకుంటె బడికి పోనని అవ్వతోని అన్న. నన్ను చదివియ్యాలని, అడవిల పట్టుబడ్డ బాపు జైలు నుంచి రాసిన ఉత్తరం అవ్వ దగ్గర ఉండె. అవ్వ ఆ పుస్తకాలు ఏరి గూట్ల పెట్టింది. తెల్లారి ఆడలేదు.

చెల్లె కొన్ని నెలలు ఒక్కతే ఆడింది. గుండ్రం లేని వాకిట్ల గుండ్రంగ తిరుగుకుంట, పక్కన మనిషి ఉన్నట్టు చెయ్యి చాపి ఆగేది. నేను అరుగు మీద కూసుండి చదువుకుంటున్నట్టు ఉండేదాన్ని. తర్వాత ఆగుడు మానేసింది. తర్వాత ఆడుడు మానేసింది. మళ్ల మునివేళ్ల మీద నడక, మళ్ల చింతగింజల వరుస, ఉప్పు లేని గట్క. నా పెండ్లప్పుడు దాన్ని జనగామల మ్యానత్త ఇంట్ల నాలుగు రోజులు ఉంచిండ్రు. ఉంచుమన్నది నేనే. నేను పంతులమ్మ నౌకరిల చేరిన మూడో ఏడు చెల్లె జ్వరంతోని పోయింది. దానికి ముప్పై ఏండ్లు గూడ నిండలేదు. కబురు అందేసరికి అంతా అయిపోయింది.

ఇప్పుడు నేను భూపాలపల్లిల నా మనుమరాలి దగ్గర ఉంట. మనుమరాలి బిడ్డకు ఐదేండ్లు. మాట రాలేదు. డాక్టరు ఆటిజం అని చెప్పిండు. వారానికి రెండు దినాలు డ్యాన్స్ థెరపీకి తీస్కపోతరు. ఒక పెద్ద అర్ర, కింద చాపలు, ఆరేడుగురు పిల్లలు. నేర్పే అమ్మాయికి ముప్పై దాటి ఉండవు. మొదటి రోజు నేనూ పోయిన. ఆ అమ్మాయి పిల్లలకు ఏం నేర్పలేదు. ఒక పిల్ల ఊగితె తానూ ఊగింది. మా పిల్ల వేళ్లు ఆడిస్తె తానూ వేళ్లు ఆడిచ్చింది. నేను కుర్చీల కూసున్నదాన్ని, కుర్చీ చేతులు గట్టిగ పట్టుకున్న. పిల్ల చేసేది మనం చేస్తె, మనం దాని దిక్కు ఉన్నమని దానికి తెలుస్తదని ఆ అమ్మాయి తల్లులకు చెప్పింది. తర్వాత కాగితం తీసి, మీ ఇంట్ల ఇంతకుముందు ఇట్లాంటి పిల్లలు ఎవరన్న ఉన్నరా అని అడిగింది. మనుమరాలు నా దిక్కు చూసింది. ఎవ్వరూ లేరని చెప్పిన.

ఎనభై ఆరేండ్ల మనిషిని. ముప్పై ఏండ్లు పిల్లలకు చదువు చెప్పినదాన్ని. అడిగింది గుమస్తా కాదు, నవ్వేటోళ్లు ఎవ్వరూ లేరు. అయినా నోటికి అదే వచ్చింది.

మూడు వారాలు తిండి సయించలేదు. ఒకనాడు మనుమరాలు బట్టలు మడత పెడుతుంటె పక్కన కూసుండి మొత్తం చెప్పిన. రైలు, తండ, బల్ల, లారీ, అరుగు. తాను మడత పెట్టుడు ఆపి విన్నది.

"నా వల్లనే బిడ్డకు ఇట్లయిందని అత్తగారింట్ల అందరు అంటుంటె రెండేండ్ల నుంచి వింటున్న, అమ్మమ్మా. నేనొక్కదాన్నే అనుకున్న" అన్నది. "నీకు తెలుసుండి చెప్పలే."

చెల్లెకు చేసింది ఒక్కటే అనుకున్న నేను. ఇది గూడ ఉన్నదని అప్పటిదాక నాకు తోచనే లేదు. మన్నించుమని అడిగిన. తాను మన్నించిన అనలేదు, మన్నించలేను అని గూడ అనలేదు. లేచి మడతబట్టలు బీరువాల పెట్టొచ్చి, నీ చెల్లె పేరేందని అడిగింది. చెప్పిన. మా ఇంట్ల ఆ పేరు పలికి యాభై ఏండ్లు దాటింది.

తర్వాతి దినం నన్ను వెంట తీస్కపోయింది. ఆ అమ్మాయి కాగితం ముందట పెట్టుకొని, నాకు ఎదురుగ చాప మీద కూసున్నది. మా చెల్లె గురించి ఒక్కొక్కటి అడిగింది. ఏ చప్పుడంటె ఇష్టం? ఏది ముట్టుకుంటె ఊకునేది? కోపమొస్తె ఏం చేసేది? పెద్దయినంక ఏమన్న మాటలు వచ్చినయా? చివరి ఏండ్లల్ల పొద్దు ఎట్ల గడిపేది? ఒకటి రెండింటికి చెప్పగలిగిన. మిగిలినవాటికి తెల్వదు అన్న. ఆ అమ్మాయి కలం పట్టుకొని ఓపికగ ఆగింది, నాకు యాదికొస్తదేమో అని. యాదికి రాకపోవుడు కాదు. నేను చూసి ఉంటె గద యాదికొచ్చేది.